ఎత్తు, సాంద్రత, స్థలం: భారతదేశంలో తక్కువ అంతస్తుల సుస్థిర నివాస సముదాయాలు (1961–2000) – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

నగరంలో భూమి ఖరీదు పెరిగితే భవనం ఎత్తు పెంచక తప్పదని, ఇంటికి చల్లదనం యంత్రాలతోనే సాధ్యమని నేడు స్థూలంగా ఒక అభిప్రాయం స్థిరపడింది. 1961 తరువాతి నాలుగు దశాబ్దాలలో అహ్మదాబాదు, ఢిల్లీ, ఆరోవిల్ ప్రాంతాలలో వెలసిన కొన్ని నివాస నిర్మాణాలు ఈ అభిప్రాయాన్ని ఆచరణలో ప్రశ్నించాయి. వాటిలో ప్రధానమైనవాటిని పరిశీలించి, వాటి సుస్థిరతకు నిర్మాణ సామగ్రి ఎంత కారణమో, స్థలాన్ని ఉమ్మడిగా ప్రణాళిక చేయడం అంతకుమించి కారణమని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు నగరాలలోని చిన్న అపార్ట్‌మెంటుకు ఈ చరిత్రతో గల సంబంధాన్ని చివరి భాగం చర్చిస్తుంది.

కీలక పదాలు: నివాస సాంద్రత, తక్కువ అంతస్తుల భవనం, సహకార గృహనిర్మాణం, మట్టి ఇటుక, ఇంధన పొదుపు సంహిత.

1. ప్రవేశిక

కోస్తా జిల్లాలలోని మండువా లోగిలి ఇంటి మధ్యనుంచి వెలుతురును, గాలిని తీసుకొనేది. గదులన్నీ ఆ మండువా వైపు తెరుచుకొనేవి. నేటి తెలుగు పట్టణాలలో పాత ఇంటి స్థానంలో లేచే చిన్న అపార్ట్‌మెంటు ఇందుకు భిన్నమైనది. స్థల యజమాని, బిల్డరు ఫ్లాట్లు పంచుకొనే ఒప్పందంతో అది మొదలవుతుంది. కింద వాహనాలకు స్టిల్ట్, పైన మూడు నుంచి ఐదు అంతస్తులు, నాలుగు వైపులా నిబంధనలు కోరిన మేరకు సెట్‌బ్యాక్ అనే సన్నని సందు ఉంటాయి. ఖాళీ స్థలమంతా ఇలా అంచులకు చేరడంతో పక్క భవనం గోడకు ఎదురుగా కిటికీలు తెరుచుకొంటాయి. ఈ రూపం అనివార్యమా అన్న ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ఆరు దశాబ్దాల వెనక్కి వెళ్లాలి.

2. ఎత్తుకు, సాంద్రతకు గల సంబంధం

1961లో గుజరాత్ గృహనిర్మాణ మండలి తక్కువ ఖర్చు ఇళ్ల నమూనాల కోసం పోటీ నిర్వహించింది. మెట్లెక్కి చేరుకొనే బహుళ అంతస్తుల ఫ్లాట్లను నిర్వాహకులు ఆశించారు. చార్లెస్ కొరియా వాటికి బదులుగా వరుస ఇళ్లను ప్రతిపాదించి, అంతే సాంద్రతను సాధించవచ్చని చూపి ప్రథమ బహుమతి పొందారు. ‘ట్యూబ్ హౌస్’గా పేరొందిన ఈ ఇల్లు 3.6 మీటర్ల వెడల్పు, సుమారు 18 మీటర్ల లోతు గలది. వేడెక్కిన గాలి వాలు పైకప్పు వెంబడి పైకి సాగి శిఖరం వద్ద ఉన్న మార్గం గుండా బయటకు పోతుంది. ఆ ఖాళీని నింపడానికి కిందినుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. భవనం నిలువుకోతే ఇక్కడ గాలి ప్రసారానికి సాధనమైంది. ఈ నమూనా గృహాన్ని 1995లో కూల్చివేశారు.

కొరియా ఆచరణలో చూపినదానికి దగ్గరైన విషయాన్ని కేంబ్రిడ్జిలో లెస్లీ మార్టిన్, లయొనెల్ మార్చ్ 1960లలో గణితపరంగా నిరూపించారు. ఒకే విస్తీర్ణంలో, ఒకే మొత్తం అంతస్తు వైశాల్యాన్ని మధ్యలో నిలిచే గోపురాలుగా కట్టడానికీ, స్థలం అంచుల వెంట ప్రాంగణం చుట్టూ పేర్చడానికీ మధ్య తేడాను వారు లెక్కించారు. ప్రాంగణ రూపంలో ఎత్తు దాదాపు మూడో వంతుకు తగ్గుతుందని తేలింది. అంటే సాంద్రతను ఎత్తొక్కటే నిర్ణయించదు. ఖాళీ స్థలాన్ని ఎక్కడ ఉంచామన్నది కూడా నిర్ణయిస్తుంది. ఖాళీని అంచులకు నెట్టే సెట్‌బ్యాక్ పద్ధతి ఈ సూత్రానికి సరిగ్గా వ్యతిరేక దిశలో పనిచేస్తుందన్నది గమనార్హం.

3. సముదాయంగా ఇల్లు: అహ్మదాబాదు, ఢిల్లీ

1973లో బాలకృష్ణ దోషి అహ్మదాబాదులో జీవిత బీమా సంస్థ కోసం రూపొందించిన నివాస సముదాయంలో అతి పెద్ద ఇల్లు నేలపైన, మధ్యరకం దానిపైన, చిన్నది అన్నిటికంటే పైన ఉంటాయి. పైకి పోయేకొద్దీ కట్టడం వెనక్కి తగ్గడంవల్ల ప్రతి కుటుంబానికి ఆరుబయలు దక్కింది. నివాసులు కాలక్రమంలో ఆ డాబాల మీద గదులు చేర్చుకొన్నారు. ఇల్లు కుటుంబంతోపాటు పెరుగుతుందన్న దోషి ఊహకు ఈ మార్పులు అనుగుణమైనవే.

ఢిల్లీలో 1970ల నాటికి సహకార గృహనిర్మాణ సంఘాలకు ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఉమ్మడిగా స్థలం కేటాయించసాగింది. ఈ విధానం వాస్తుశిల్పులకు ఒక అవకాశమైంది. 1975–78 మధ్య కొరియా రూపొందించిన ‘తారా’ సముదాయంలో 160 ఇళ్లున్నాయి; సాంద్రత హెక్టారుకు 375 మంది. సన్నగా, లోతుగా ఉన్న ఇళ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటాయి. వాటి డాబాలకు పందిరి వంటి కాంక్రీటు దూలాల నీడ ఉంది. మధ్యలోని చెట్ల ప్రాంగణం పొడి వేసవిలో పరిసరాల గాలికి తేమనిస్తుంది. రంజిత్ సబిఖీ, అజయ్ చౌదరి తదితరుల ‘డిజైన్ గ్రూప్’ రూపొందించిన యమునా అపార్ట్‌మెంట్స్‌లో 200 ఇళ్లున్నాయి. అక్కడ వాహనాలు అంచులలోనే ఆగిపోతాయి. లోపలి వీధులు పాదచారులకు మాత్రమే.

ఈ సముదాయాలకు పరిమితులు లేకపోలేదు. లిఫ్టు అవసరంలేని ఎత్తు విద్యుత్తును ఆదా చేసినా, తారా ఇళ్లలోని అంతర్గత మెట్లు వృద్ధులకు శ్రమ. ప్రాంగణం పచ్చగా ఉండడానికి నీరు, సంఘం నిర్వహణ రెండూ అవసరం.

4. నేలనుంచి గోడ: ఆరోవిల్

పై సముదాయాలు వాతావరణానికి స్పందించినా, వాటి సామగ్రి ప్రధానంగా కాల్చిన ఇటుక, కాంక్రీటే. నిర్మాణ సామగ్రిలో ఇమిడిన ఇంధనం గురించిన ఆలోచన పుదుచ్చేరి సమీపంలోని ఆరోవిల్‌లో స్పష్టమైన రూపం పొందింది. 1990లలో సత్‌ప్రేమ్ మైనీ మార్గదర్శకత్వంలో అక్కడ నిర్మించిన ‘వికాస్’ సముదాయంలో 23 ఫ్లాట్లున్నాయి. పునాది నుంచి కప్పు వరకు స్థిరీకరించిన మట్టినే వాడారు. సుమారు 5 శాతం సిమెంటు కలిపిన మట్టిని యంత్రంలో అదిమి ఇటుకలు చేసి, కాల్చకుండా నీటితో తడుపుతూ గట్టిపరచారు. కప్పులు ఇనుప కడ్డీలు లేని కమానులుగా లేచాయి. 13 ఫ్లాట్లు గల మూడో భవనానికి అవసరమైన మట్టిని దాని నేలమాళిగ నుంచే తవ్వి తీశారు. ఈ సముదాయం 2000లో ప్రపంచ ఆవాస పురస్కారం తుది జాబితాలో నిలిచింది.

5. ఉమ్మడి లక్షణం: స్థలం, సంఘం

ఈ ఉదాహరణలలో శైలి, సామగ్రి, కొలతలు వేరువేరు. నిర్మితమైన సముదాయాలన్నిటిలో సమానంగా కనిపించేది ఒకటే: ఇంటి స్థలాలుగా విడగొట్టకముందే భూమి మొత్తం ఒక ప్రణాళిక కిందికి వచ్చింది. అహ్మదాబాదులో బీమా సంస్థ, ఢిల్లీలో సహకార సంఘం ఆ భూమికి ఏక కర్తలు. ఆరోవిల్‌లో భూమి వ్యక్తులది కాదు. 1988 నాటి చట్టం ద్వారా ఏర్పడిన ఫౌండేషన్‌ది. ప్రాంగణం, నీడ వీధి, ఉమ్మడి నీటి వ్యవస్థ ఈ ఏకత్వం వల్లనే సాధ్యపడ్డాయి. ట్యూబ్ హౌస్ మాత్రం వరుసగా విస్తరించక ఒంటరి నమూనాగా మిగిలి కనుమరుగైంది. ఉత్తమమైన నిలువుకోత కూడా తగిన స్థలవ్యవస్థ లేకుంటే సంప్రదాయంగా వేళ్లూనుకోదని దాని చరిత్ర సూచిస్తుంది.

6. తెలుగు నగరాలకు అన్వయం

2018 డిసెంబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ నివాస భవనాలకు ‘ఎకో నివాస్ సంహిత’ను విడుదల చేసింది. గోడలు, కిటికీల ద్వారా లోపలికి చేరే ఉష్ణానికి అది చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితి విధించింది. తెరుచుకొనే కిటికీల వైశాల్యం అంతస్తు వైశాల్యంలో విజయవాడ, విశాఖపట్నం వంటి ఉక్కపోత మండలంలో 16.66 శాతం, హైదరాబాదు చేరే మిశ్రమ మండలంలో 12.5 శాతం ఉండాలంది. అయితే 2018 నాటి ఆ సంహిత 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, అంతకు మించిన స్థలాలకే వర్తించింది. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం 100 కిలోవాట్ల విద్యుత్ లోడును ప్రాతిపదికగా తీసుకొంది. ఒక్కొక్కటి 5 కిలోవాట్ల చొప్పున పది ఫ్లాట్లున్న భవనం లోడు 50 కిలోవాట్లే. కాబట్టి 300 గజాలలో కట్టిన చిన్న అపార్ట్‌మెంటు రెండు కొలమానాలకూ అందదు. మన వీధులలో తరచుగా కనిపించే భవనమే నియమాల పరిధికి బయట ఉండిపోతోంది.

ఈ పరిమితులను తగ్గించుకొనే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది. కానీ పరిమితి తగ్గించినంత మాత్రాన సందులోకి తెరుచుకొనే కిటికీకి గాలి రాదు. పక్కపక్కన ఉన్న రెండు మూడు స్థలాల యజమానులు కలిసి కట్టుకొంటే, వాటి మధ్య సెట్‌బ్యాకులను రద్దు చేసి, ఆ మేరకు ఖాళీని ఒకే ప్రాంగణంగా ఉంచడానికి భవన నిబంధనలు అనుమతించాలి. అప్పుడే పై చరిత్ర చిన్న స్థలాలకు ఉపయోగపడుతుంది.

7. ముగింపు

సుస్థిరతను పైకప్పు మీది సౌర ఫలకాలతో, ప్రత్యేక అద్దాలతో కొలవడం ఇప్పుడు పరిపాటి. అవి అవసరమే గాని, ఆ దశకు చేరేసరికే భవనం ఎండకు, గాలికి ఎలా స్పందించాలో చాలామటుకు నిర్ణయమైపోయి ఉంటుంది. అహ్మదాబాదు, ఢిల్లీ, ఆరోవిల్ అనుభవాలలో ఆ నిర్ణయం స్థలం హద్దులు గీసేటప్పుడే జరిగింది. చిన్న అపార్ట్‌మెంటును గురించిన పరిశోధన కూడా గోడ మందం కంటే ముందు స్థల విభజన చరిత్రను, దాన్ని శాసించిన నిబంధనలను పరిశీలించవలసి ఉంది.