వాళ్ళకి జీతం ఎవురిస్తారు? ఉచిత సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ కథ

ఎపిసోడ్ రికార్డు చేస్తున్నప్పుడు టైము చాలక నేను గబగబా దాటేసిన భాగం ఒకటుంది. సర్క్యూట్లు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కడ పుట్టింది, ఇన్నేళ్ళూ దాన్ని ఎవరు పోషించారు అన్నది. ట్రాన్‌స్క్రిప్ట్ చదువుకుంటే నాకే తృప్తిగా అనిపించలేదు. అందుకే ఆ కథ ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఎపిసోడ్ విననివాళ్ళకి కూడా అర్థమవుతుంది, కంగారు పడకండి.

అసలు ఈ ఎపిసోడ్‌కి కారణం మా నాన్న. కడప జిల్లాలో చిన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా చెరువు కట్టలు, తూములు, అలుగులు. మొన్న వేసవిలో మా దగ్గరికి, ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చారు. డెట్రాయిట్ పక్కనే కదా మా ఊరు, కార్లకి ఎలక్ట్రానిక్స్ చేసే కంపెనీలు చుట్టూ ఉంటాయి. నేనూ అలాంటి దాంట్లోనే ఇంజనీరుని. ఒక సాయంత్రం బేస్‌మెంట్‌లో మా అమ్మాయి స్కూలు రోబోటిక్స్ టీము కోసం ఒక చిన్న సెన్సర్ బోర్డు గీస్తున్నాను. నాన్న పక్కన కుర్చీ వేసుకుని చూస్తున్నారు.

"ఈ సాఫ్ట్‌వేర్ ఎంతరా?" అన్నారు.

"ఊరికే నాన్నా. ఫ్రీ."

"ఊరికే అంటే? చేసినోళ్ళకి జీతం ఎవురిస్తారు?"

"ఓపెన్ సోర్స్ అంటారు దీన్ని. కమ్యూనిటీ చూసుకుంటుంది."

"సరే. ఆ కమ్యూనిటీకి ఎవురిస్తారు?"

ఇరవై ఏళ్ళ నుంచి ఇదే వృత్తిలో ఉన్నాను. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నుంచి వెతకడం మొదలుపెట్టాను.

ముందు పని ఏమిటో చూద్దాం

కారు తలుపులో అద్దం పైకి లేపే మోటారు దగ్గర్నుంచి ఎయిర్‌బ్యాగ్ దాకా ప్రతిదాని వెనకా ఒక ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. దాన్ని తయారుచెయ్యడానికి ముందు మూడు పనులు. ఏ భాగం దేనికి కలుస్తుందో బొమ్మ గీయాలి, అది స్కీమాటిక్. ఆ సర్క్యూట్ అనుకున్నట్టు పనిచేస్తుందా అని కంప్యూటర్లో లెక్క కట్టాలి, అది సిమ్యులేషన్. తర్వాత నిజమైన బోర్డు మీద రాగి తీగలు ఏ దారిన పోవాలో గీయాలి, అది లేఅవుట్. ఈ పనులు చేసే వృత్తి సాఫ్ట్‌వేర్‌లు చాలా ఖరీదు. నేను చదువుకున్న కాలేజీలో (పేరు వద్దులెండి) ల్యాబ్‌లో ఉన్నదంతా దొంగ కాపీయే. మాకు అది తప్పని కూడా తెలియదు. వేరే దారి ఉందని అసలే తెలియదు.

బర్క్‌లీ ఇచ్చిన స్పైస్

1970 ప్రాంతంలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాన్ రోరర్ అనే ప్రొఫెసరు తన క్లాసు పిల్లల చేత సర్క్యూట్ సిమ్యులేషన్ ప్రోగ్రాము ఒకటి రాయించాడు. దాని పేరు క్యాన్సర్. ఆ పొడి అక్షరాల పూర్తి పేరులో చివరి మాటలకి అర్థం "రేడియేషన్ మినహా" అని. అప్పట్లో ఇలాంటి ప్రోగ్రాములకి రక్షణ శాఖ డబ్బు వచ్చేది, అణు రేడియేషన్‌కి సర్క్యూట్ తట్టుకుంటుందా అన్న లెక్క కూడా అడిగేవాళ్ళు. మేం ఆ పని చెయ్యం అని కుర్రాళ్ళు పేరులోనే చెప్పేశారు.

రోరర్ వెళ్ళిపోయాక, ఆ పని చేస్తున్న లారెన్స్ నేగెల్ అనే విద్యార్థి డొనాల్డ్ పెడర్సన్ దగ్గర చేరాడు. పెడర్సన్‌ది ఒకటే పట్టు: ప్రోగ్రాము ఎవరికైనా ఇవ్వగలిగేలా ఉండాలి. అలా తిరగరాసినదే స్పైస్. 1973 ఏప్రిల్‌లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సదస్సులో దాన్ని లోకానికి చూపించారు. టేపు ఖర్చు పెట్టుకుంటే చాలు, ప్రోగ్రాము మీది. బర్క్‌లీలో చదివిన పిల్లలు ఉద్యోగాలకి పోతూ దాన్ని వెంట తీసుకుపోయారు. ఈ రోజు దాదాపు ప్రతి సర్క్యూట్ సిమ్యులేటరుకీ అదే పూర్వీకుడు.

మరి జీతం ఎవరిచ్చారు? విశ్వవిద్యాలయం, పరిశోధన గ్రాంట్లు. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. పీహెచ్‌డీ విద్యార్థి కొత్తది రాస్తే పట్టా వస్తుంది. పాతదాంట్లో తప్పులు దిద్దితే ఏ పట్టా రాదు. 1989లో థామస్ క్వార్ల్స్ సీ భాషలో తిరగరాసిన స్పైస్3 తర్వాత బర్క్‌లీ ఆసక్తి వేరే పరిశోధనల వైపు మళ్ళింది. ఆ కోడుని బతికించుకున్నది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు. ఇటలీలో పావొలో నెంజి ఎన్‌జీస్పైస్ అనే పేరుతో దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత జర్మనీ నుంచి హోల్గర్ ఫోగ్ట్ ఆ భారం మోస్తున్నాడు.

గ్రెనోబుల్ మేష్టారు, జెనీవా ప్రయోగశాల

నేను బేస్‌మెంట్‌లో వాడుతున్నది కీక్యాడ్. స్పెల్లింగ్ చూసి కైక్యాడ్ అనకండి, వాళ్ళు కీ అనే పలుకుతారు. 1992లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో సాంకేతిక విద్యాసంస్థలో పాఠాలు చెప్పే జాన్-పియేర్ షరాస్ దాన్ని మొదలుపెట్టాడు. చాలా ఏళ్ళు అది ఒక మేష్టారి సొంత పనే. అంటే ఆ కాలానికి పోషకుడు ఎవరు? ఒక కాలేజీ జీతం, ఒక మనిషి తీరిక వేళలు. అదే కాలంలో, 1998లో, అలెష్ హ్వెజ్డా జీఈడీఏ అనే ఇంకో ప్రాజెక్టు మొదలుపెట్టాడు. చాలామంది మెచ్చుకున్నారు, వాడారు. కానీ వెనక నిలకడగా ఎవరూ లేకపోతే ఇలాంటి పనులు నెమ్మదిస్తాయి. అదీ నెమ్మదించింది.

కీక్యాడ్ అదృష్టం గ్రెనోబుల్‌కి ఎంతో దూరం లేని జెనీవాలో ఉంది. అక్కడి సెర్న్ ప్రయోగశాల తన ఎలక్ట్రానిక్ బోర్డుల డిజైన్లని అందరికీ ఇవ్వాలనుకుంది. 2011లో దానికోసం ఒక ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సు కూడా రాసింది. కానీ డిజైను ఉచితంగా ఇచ్చి, ఆ ఫైలు తెరవడానికి వేల డాలర్ల సాఫ్ట్‌వేర్ కావాలంటే ఏం లాభం? బావి చూపించి చేద ఇవ్వనట్టే కదా. అందుకని సెర్న్ తన ఇంజనీర్లని కీక్యాడ్ మీద పనికి పెట్టింది. వాళ్ళలో తొమాష్ వ్లొస్తోవ్‌స్కీ చేసిన రౌటర్ చూసి నేను మొదటిసారి నోరు తెరిచాను. కొత్త తీగ గీస్తుంటే అడ్డొచ్చిన పాత తీగలు వాటంతట అవే పక్కకి జరుగుతాయి, ఆర్టీసీ బస్సు సీట్లో నాలుగోవాడికి ముగ్గురూ సర్దుకున్నట్టు.

అంటే మా అమ్మాయి బోర్డులో ఆ తీగలు జరగడానికి డబ్బు కట్టింది ఎవరు? సెర్న్ సభ్య దేశాల్లో పన్నులు కట్టే జనం. వాళ్ళకి ఆ సంగతి తెలియదు. నాకూ తెలియదు.

డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్ అయితే ఈ బాధ లేదు కదా అంటారా? ఈగిల్ కథ చూడండి. 1988లో జర్మనీలో క్యాడ్‌సాఫ్ట్ అనే చిన్న కంపెనీ చేసిన మంచి ప్రోగ్రాము. ఇంట్లో బోర్డులు గీసేవాళ్ళలో ఒక తరమంతా దాంతోనే నేర్చుకుంది. 2009లో ఫార్నెల్ చేతికి, 2016లో ఆటోడెస్క్ చేతికి వెళ్ళింది. 2017 జనవరిలో చందా పద్ధతికి మారింది. 2026 జూన్ 7తో ఆపేస్తున్నామని 2023లో ప్రకటించారు. అది వాళ్ళ వ్యాపార నిర్ణయం, తప్పుపట్టడానికి లేదు. కానీ డబ్బు కట్టినంత మాత్రాన మన ఫైళ్ళు మనకి శాశ్వతంగా తెరుచుకుంటాయన్న హామీ అక్కడా లేదు.

బిల్లు ఏది?

ఒక ప్రయోగశాల దయ మీద ఎల్లకాలం బతకలేమని కీక్యాడ్ వాళ్ళకి అర్థమైనట్టుంది. ప్రాజెక్టు నడిపే వేన్ స్టాంబా, సహచరుడు సేత్ హిల్‌బ్రాండ్ కలిసి ఒక సర్వీసు కంపెనీ పెట్టారు. 2019 నవంబరులో ప్రాజెక్టు లినక్స్ ఫౌండేషన్ గొడుగు కిందకి వెళ్ళింది. విరాళాలు, స్పాన్సర్లు అటు నుంచి వస్తారు. కంపెనీలకి డబ్బు తీసుకుని సపోర్టు ఇవ్వడం ఇటు నుంచి జరుగుతుంది.

ఈ రెండో దారి ఎందుకు ముఖ్యమో నాకు మా ఆఫీసులోనే తెలిసింది. మేం కీక్యాడ్ వాడుతున్నాం కాబట్టి ఏటా కొంత ఇద్దామని మా మేనేజర్ని అడిగాను. ఆయన మంచివాడే. "తప్పకుండా ఇద్దాం. బిల్లు ఏది?" అన్నాడు. బిల్లు లేదన్నాను. "ఊరికే వచ్చేదానికి పర్చేజ్ ఆర్డర్ ఎలా రాయను?" అన్నాడు. లైసెన్సుకైతే వేల డాలర్లు ఆ మధ్యాహ్నమే మంజూరు చేసేవాడు. విరాళానికి ఖాతాలో గడే లేదు. సర్వీసు కంపెనీ అమ్మేది సపోర్టే. కానీ దాంతోపాటు ఒక బిల్లు కూడా ఇస్తుంది చూశారా, మాలాంటి వాళ్ళకి అదే కావాలి.

ఆ డబ్బుతో ఏం చేస్తారు? కంటికి కనబడని పనులు. 2021 డిసెంబరులో వచ్చిన ఆరో వెర్షన్‌లో స్కీమాటిక్ ఫైలు రూపమే మారింది. పాత ఫైళ్ళన్నీ తెరుచుకోవాలి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడవాలి. వేలకొద్దీ భాగాల బొమ్మలున్న లైబ్రరీలో ఒక్క కాలు నంబరు తప్పుంటే ఎవరిదో బోర్డు కాలిపోతుంది. ఎవరో ఒకరు డేటాషీట్ పక్కన పెట్టుకుని సరిచూడాలి. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

మన దేశానికీ ఇందులో వాటా ఉంది. 2009లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ విద్యా మిషన్ డబ్బుతో ఐఐటీ బాంబేలో ఫోసీ అనే ప్రాజెక్టు నడుస్తోంది. వాళ్ళు చేసిన ఈసిమ్ (మొదట్లో ఆస్క్యాడ్ అనేవాళ్ళు) కాలేజీల కోసం ఉద్దేశించింది. లోపల ఉన్నవి కీక్యాడ్, ఎన్‌జీస్పైస్‌లే. ఈ రోజు ప్రొద్దుటూరులోనో పాల్వంచలోనో చదివే పిల్లకి నాలాగా దొంగ కాపీ అక్కర్లేదు. కానీ ఆ పిల్ల సర్క్యూట్ జెనీవా, రోమ్, జర్మనీల్లో ఎవరో చేసే మరమ్మతు మీద నిలబడి ఉంది. అక్కడ ఫైలు రూపం మారితే ముంబైలోనూ పని పడుతుంది.

మా ఊరికి అరగంట దూరంలోనూ ఒక ముక్క ఉంది. 2018లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, చిప్‌లు డిజైన్ చేసే ఓపెన్ సోర్స్ పనిముట్ల కోసం పెద్ద మొత్తాలు ఇచ్చింది. శాన్ డియాగోలో ఆండ్రూ కాంగ్ నడిపిన ఓపెన్‌రోడ్‌కి 1.13 కోట్ల డాలర్లు. యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి అదే కార్యక్రమంలో ఇంకో ప్రాజెక్టు. పనిముట్లు పుట్టాయి, బాగున్నాయి. కానీ వాటితో చిప్‌లు చేయించుకునే దారి చూపిన ఎఫాబ్‌లెస్ కంపెనీ 2025లో డబ్బు అందక మూతపడింది. రేడియేషన్ వద్దని 1970లో మొహం తిప్పుకున్నా, చివరికి మళ్ళీ అదే రక్షణ శాఖ గడపలో నిలబడ్డాం.

చెరువు సంగతి

ఇదంతా నాన్నకి ఫోన్‌లో చెప్పాను. ఆయన విని పోరుమామిళ్ళ చెరువు ఎత్తారు. 1369లో, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు అది. శాసనం ఉంది. వెయ్యి మంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళ పని. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో చెక్కించారు.

"రెండేండ్లు తవ్వినోళ్ళది రాతి మీద ఉంది. ఆ తర్వాత ఆరు నూర్ల యాభై ఏండ్లు కట్ట చూసుకున్నోళ్ళది ఏడుంది?" అన్నారు. అయితే పూర్వం వాళ్ళు ఆ సంగతి మరిచిపోలేదని కూడా ఆయనే చెప్పారు. మా సీమలో దశబంధం అనే ఇనాము ఉండేది. చెరువు కట్టినవాడికో బాగుచేసినవాడికో దాని కింద కొంత భూమి పన్ను లేకుండా ఇచ్చేవాళ్ళు. షరతు ఒకటే, చెరువుని మరమ్మతులో ఉంచాలి. అంటే ఆ నీళ్ళతో పండిన పంటలోంచే ఆ చెరువుకి జీతం అన్నమాట. దయ కాదు, చందా కాదు.

ఇన్ని ఊళ్ళు తిరిగి నాకు తేలింది ఇదే. తవ్వడానికి గ్రాంట్లు దొరుకుతాయి. పూడిక తీయడానికి దొరకవు. స్పైస్ అయినా కీక్యాడ్ అయినా నిలబడింది ఎవరో ఒకరు పూడిక పని తలకెత్తుకోబట్టే. ఆ నీళ్ళు తాగి కోట్లు సంపాదించే మా కార్ల పరిశ్రమ లాంటిది అందులో దశబంధం ఇవ్వడం ఇంకా నేర్చుకోలేదు.

నా వంతుగా నెలకి కొంచెం విరాళం మొదలుపెట్టాను. పెద్ద మొత్తమేమీ కాదు, ఇద్దరం బయట భోంచేస్తే అయ్యేంత. ఆఫీసులో సపోర్టు కాంట్రాక్టు కొటేషన్ ఒకటి తెప్పించి మేనేజర్ బల్ల మీద పెట్టాను. ఈసారి బిల్లు ఉంది కాబట్టి ఆయన వెంటనే కాదనలేదు. వచ్చే బడ్జెట్‌లో చూద్దామన్నాడు.

నాన్నకి ఆ మాట చెప్తే నవ్వారు. "వచ్చే బడ్జెట్‌లో చూద్దామని నేను ఎంతమంది రైతులకి చెప్పినానో నీకు తెలీదురా. వదిలిపెట్టకుండా అడుగుతా ఉండు" అన్నారు.

అడుగుతూనే ఉన్నాను. మీ కంపెనీల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడుతుంటే మీరూ ఒకసారి అడిగి చూడండి. ఏం జవాబు వచ్చిందో మాకు రాయండి, ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.