ఇసుకరాతి శిఖరాలు, ఇనుప మెట్లు

జర్మనీ తూర్పు అంచున, డ్రెస్డెన్ నగరానికి ఎగువన, ఎల్బె నది ఇసుకరాతి కొండల్ని కోసుకుంటూ పారుతుంది. చెక్ సరిహద్దుకు ఇవతలి భాగం సాక్సన్ స్విట్జర్లాండ్, అవతలిది బొహీమియన్ స్విట్జర్లాండ్. పేరు ఘనమే కానీ ఇక్కడ మంచు శిఖరాల్లేవు. జర్మన్ వైపు అన్నిటికన్నా ఎత్తైన గ్రోసర్ చిర్న్‌స్టైన్ 560 మీటర్ల చిల్లర. చెక్ వైపు 723 మీటర్ల కొండ ఒకటుంది. 1766లో డ్రెస్డెన్ కళా అకాడమీకి వచ్చిన అడ్రియాన్ జింగ్, ఆంటన్ గ్రాఫ్ అనే ఇద్దరు స్విస్ చిత్రకారులు ఈ కొండల్ని చూసి తమ ఊరిని తలుచుకున్నారట. ఆ పోలికే పేరై నిలిచింది. ఆల్ప్స్ పక్కన పెడితే గుట్టలనిపించే ఈ అడవి కొండల్లోనే పర్వతారోహణ తనకంటూ ఒక న్యాయశాస్త్రం రాసుకుంది.

దాదాపు 10 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి రాయైంది. సముద్రం తప్పుకున్నాక ఆ రాయి నిలువునా అడ్డంగా బీటలు వారింది. నీళ్ళు ఆ బీటల వెంబడి దిగి, ఏళ్ళ తరబడి అరగదీసి, పెద్ద పలకల్లాంటి కొండను విడివిడి స్తంభాలుగా చీల్చాయి. అందుకే ఇక్కడి శిఖరాలు కింద వెడల్పుగా, పైన సన్నగా ఉండే కొండల్లా ఉండవు. దేవదారు జాతి చెట్ల మధ్య నుంచి పొడుచుకొచ్చిన బురుజుల్లా ఉంటాయి. ఒంటరిగా నిలిచిన ఇలాంటివి జర్మన్ వైపే సుమారు 1,100 ఉన్నాయి.

ఈ బురుజుల మీదికి మొదట ఎక్కినవాళ్ళకు సాహసం మీద మోజేమీ లేదు. మధ్యయుగంలో వాటి నెత్తిన కోటలు కట్టుకున్న దొరలు వాళ్ళు. నోయ్‌రాటెన్, వింటర్‌స్టైన్ లాంటి కోటలకు చేరాలంటే చెక్క నిచ్చెనలే దిక్కు. శత్రువు వస్తే నిచ్చెన పైకి లాగేస్తే సరి. వాటిలో కొన్ని దారిదోపిడీ దొరల స్థావరాలుగా పేరుపడ్డాయి. కూష్టాల్ అనే రాతి గుహ పేరుకు అర్థం పశువుల కొట్టం. ముప్పై ఏళ్ళ యుద్ధకాలంలో పల్లెజనం తమ ఆవుల్ని అక్కడ దాచారని చెబుతారు. ఆ గుహ పక్కనే బండల సందులోంచి పైకి పోయే ఇరుకు మెట్లకు ‘స్వర్గపు నిచ్చెన’ అని పేరు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి తిరగాల్సిందే.

తరవాతి కాలంలో వేటగాళ్ళు, అటవీ సిబ్బంది, సరిహద్దు దాటి సరుకు చేరవేసే దొంగ వ్యాపారులు కొండ చీలికల్లో అడ్డదారులు వేసుకున్నారు. ఎక్కడ కాలు నిలవకపోతే అక్కడ గుంట తొలిచారు, చెక్క దుంగ కట్టారు, చివరికి ఇనుప కొక్కెం దిగ్గొట్టారు. ఇలాంటి దారిని జర్మన్‌లో ‘స్టీగె’ అంటారు, అంటే మెట్లదారి. పంతొమ్మిదో శతాబ్దంలో యాత్రికులు పెరిగేకొద్దీ ఈ దారులు వాళ్ళకు పనికొచ్చాయి. ఎల్బె మీదికి 194 మీటర్ల ఎత్తునుంచి తొంగిచూసే బాస్టై బండల మధ్య మొదట చెక్క వంతెన, 1851లో దాని స్థానంలో రాతి వంతెన కట్టారు. అదే ఇప్పటికీ ఉంది.

ఇనుప దారి ఆలోచన పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. 1843లో ఆస్ట్రియాలోని డాక్‌స్టైన్ శిఖరానికి ఫ్రీడ్రిష్ సిమోనీ ఇనుప మేకులు, పట్టుకొక్కేలు, తాడు అమర్పించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో డోలమైట్ పర్వతాల మీద తలపడిన ఇటలీ, ఆస్ట్రియా సైన్యాలు నిచ్చెనలు, తీగలతో కొండల్ని అల్లేశాయి. ‘ఇనుప దారి’ అని అర్థం వచ్చే ‘వయా ఫెర్రాటా’ అన్న ఇటాలియన్ మాట లోకమంతా పాకడానికి ఆ దారులే కారణం. అక్కడ పొడవునా ఉక్కు తీగ ఉంటుంది. నడుముకు కట్టుకున్న రెండు కొక్కేల్ని ఆ తీగకు తగిలించుకుంటూ, ఒకటి విప్పినా రెండోది వదలకుండా ముందుకు పోతారు. సాక్సన్ స్టీగెల్లో ఈ ఏర్పాటు అంతటా ఉండదు. ఆఫెన్‌స్టైనె బండల్లోని హెన్‌షెల్‌స్టీగె పేరుపడ్డ దారి. గోడకు దిగ్గొట్టిన ఇనుప మెట్లెక్కి, మనిషి ఒక్కడే పట్టే చీలికలో దూరి, చివర నిచ్చెన పట్టి పైన తేలాలి. వీపున పెద్ద సంచీ ఉంటే ఆ చీలిక పోనివ్వదు. దగ్గర్లోనే జంట మెట్ల పేరుతో త్స్విల్లింగ్స్‌స్టీగె, ‘పవిత్ర మెట్లు’ అనే హైలిగె స్టీగె ఉన్నాయి. రెండోది మామూలు మెట్లే కాబట్టి మోకాళ్ళకే పరీక్ష.

అదే బండల మీద ఇంకో చరిత్ర కూడా నడిచింది. 1848లో సెబాస్టియన్ అబ్రాట్స్కీ అనే కుర్రాడు కొనిగ్‌స్టైన్ కోట గోడ ఎక్కాడు. ఎవరికీ లొంగదని సాక్సన్ రాజులు నమ్మిన కోట అది. పొగగొట్టాలు శుభ్రం చేయడం అతని వృత్తి. ఇరుకులో వీపు ఒకవైపు, కాళ్ళు ఒకవైపు ఆనించి పైకి జరగడం అతనికి రోజూ చేసే పనే. రాతి చీలికలోనూ అలాగే ఎక్కాడు. లోపలికి వెళ్ళాక భటులు పట్టుకున్నారు. ఆ చీలికకు ఇప్పుడు అతని పేరే.

1864లో బాట్ షాండావు ఊరి వ్యాయామ సంఘం కుర్రాళ్ళు ఫాల్కెన్‌స్టైన్ శిఖరం ఎక్కారు. సాక్సన్ పర్వతారోహణ అక్కడినుంచే మొదలైందని లెక్క. అయితే వాళ్ళు నిచ్చెనలూ ఇతర సాధనాలూ వాడారు. పదేళ్ళకు, 1874లో, ఒట్టో ఎవాల్డ్ ఉఫర్, ఫ్రిక్ అనే ఇద్దరు రాటెన్ దగ్గరి మోంక్ శిఖరాన్ని అలాంటి ఊతమేమీ లేకుండా ఎక్కారు. ఉత్త చేతులూ కాళ్ళూ ఆసరాగా ఎక్కే పద్ధతికి అది నాంది. డ్రెస్డెన్ వైద్యుడు ఆస్కర్ షూస్టర్ 1892లో అదే ఫాల్కెన్‌స్టైన్ మీద వేసిన దారిలో నేటికీ జనం ఎక్కుతున్నారు.

1905లో రుడోల్ఫ్ ఫేర్‌మన్, అమెరికన్ ఆలివర్ పెర్రీ స్మిత్ కలిసి బార్బరీన్ స్తంభాన్ని గెలిచారు. దాదాపు 43 మీటర్ల ఆ రాతిసూది మీద ఊళ్ళో ఒక కథ ఉంది. ఆదివారం చర్చికి పొమ్మంటే అడవిలో పళ్ళు ఏరుకుంటూ కూర్చున్న కూతుర్ని తల్లి శపిస్తే రాయైపోయిందట. పిడుగులకూ కోతకూ శిఖరం బలహీనపడటంతో 1975 నుంచి ఆమె మీద ఎవరూ కాలు పెట్టకూడదు.

ఫేర్‌మన్ 1908లో ఈ ప్రాంతపు ఆరోహణ మార్గదర్శిని, 1913లో దానికి అనుబంధం రాశాడు. నియమాలకు తొలి రూపం వచ్చింది అప్పుడే. ఇప్పుడవి ఇలా ఉన్నాయి. ఎక్కడానికి వీలయ్యేది విడిగా నిలిచిన శిఖరాల మీదే. తాడు ప్రాణరక్షణకే తప్ప పైకి లాక్కోవడానికి కాదు. రాతిని తొలిచి పట్టు చేసుకోకూడదు. ఇనుప కడియాలు అక్కడక్కడ దిగ్గొట్టవచ్చు, అదీ మొదటిసారి ఎక్కేవాడు కిందినుంచి ఎక్కుతూ. తరవాత వచ్చేవాడికి భయమేసినా, వాటి సంఖ్య తన ఇష్టానికి పెంచుకునే హక్కు లేదు. ఇతరచోట్ల మామూలైపోయిన లోహపు ఆపులు బీటల్లో బిగించరాదు, మెత్తని రాయి నలుగుతుంది. బదులుగా ముడివేసిన తాడు ఉచ్చుల్ని చీలికలో ఇరికిస్తారు. చెమట పీల్చే తెల్లపొడి నిషేధం. తడిసిన ఇసుకరాయి బలం బాగా పోతుంది కాబట్టి వాన వెలిసి రాయి ఆరేదాకా ఎక్కడం కూడదు. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి అందుకోవడం మాత్రం తప్పు కాదు. ఇంత కఠినమైన శాస్త్రంలో ఈ సడలింపు విచిత్రమే. మనిషి ఊతం పనికొస్తుంది, ఇనుము ఊతం పనికిరాదు.

ఎత్తు లేని కొండల్లో కష్టాన్ని నియమాలతోనే పుట్టించుకోవాలి. బహుశా ఈ మొండితనం అక్కడినుంచే వచ్చింది. ఆసక్తికరమైన సంగతేమంటే, నడిచేవాడి కోసం గోడలో ఇనుము పాతడానికి వెనకాడని సమాజమే ఎక్కేవాడికి ఇనుము తగ్గించింది. స్టీగె దగ్గర ఇనుము మెట్టు. శిఖరం మీద కడియం ఆఖరి భరోసా మాత్రమే.

ఈ పద్ధతి దూరం పోయింది. డ్రెస్డెన్‌లో పుట్టిన ఫ్రిట్జ్ వీస్నర్ 1929లో అమెరికా వెళ్ళి, 1937లో అక్కడి డెవిల్స్ టవర్ బండను ఎక్కాడు, 1939లో కె2 శిఖరం మీద 8,000 మీటర్లు దాటిన ఎత్తుకు చేరాడు. పశ్చిమ జర్మనీ కుర్రాడు కుర్ట్ ఆల్బెర్ట్ ఎల్బె పద్ధతిని చూసి, 1975లో ఫ్రాంకోనియా కొండల్లో ఊతం లేకుండా ఎక్కిన దారుల కింద ఎర్ర చుక్క పెట్టడం మొదలెట్టాడు. ఆధునిక ‘రెడ్ పాయింట్’ పద్ధతి అదే.

రాజకీయాలూ ఈ బండల్ని తాకాయి. ఫేర్‌మన్ నాజీ పార్టీలో చేరాడు. ఇక్కడి ఆరోహకుల బృందగానానికి నాయకుడైన కుర్ట్ ష్లోసర్‌కు నాజీలు 1944లో మరణశిక్ష అమలుచేశారు. నిషిద్ధ కరపత్రాల్ని కొండదారుల్లో సరిహద్దు దాటించిన కమ్యూనిస్టు ఆరోహకులూ ఉన్నారు. పాత దొంగ వ్యాపారుల దారులు వాళ్ళకు మళ్ళీ పనికొచ్చాయి.

తూర్పు జర్మనీ చివరి రోజుల్లో, 1990లో, సుమారు 93 చదరపు కిలోమీటర్ల అడవి జాతీయ పార్కు అయింది. ఇక్కడ అంతరించిన వేటడేగల్ని తిరిగి తెచ్చారు. అవి గూడు కట్టే బండల్ని వసంతకాలంలో మూసేస్తారు. 2018 నుంచి ఎండలకూ బెరడు పురుగుకూ స్ప్రూస్ చెట్లు గుంపులు గుంపులుగా ఎండిపోయాయి. కూలిన మానులతో మూతపడ్డ దారుల్లో పాత స్టీగెలూ ఉన్నాయి. 2022 వేసవి కార్చిచ్చులో చెక్ వైపే వెయ్యి హెక్టార్లకు పైగా కాలింది. ఇనుము సంగతికొస్తే, చెక్ పట్టణం ద్యెచీన్‌లో నదిమీదికి వంగిన కొండగోడకు ఉక్కుతీగ బిగించి ఆల్ప్స్ తరహా ఇనుప దారి వేశారు. సాక్సనీ శిఖరాల నెత్తిన మాత్రం లోహపు డబ్బాలో ఒక పుస్తకం ఉంటుంది. ఎక్కినవాళ్ళు అందులో పేరూ తేదీ రాసి, మళ్ళీ డబ్బాలో పెట్టి, తాడు పట్టుకుని దిగుతారు.