500 దగ్గర తెగిన లైను

2024 సెప్టెంబర్ 6, శుక్రవారం. తెల్లారితే వినాయక చవితి. రాత్రి పది దాటింది.

ఖైరతాబాద్‌లో మా మేడ మీది గదిలోకి కిటికీ మూసినా మైకుల మోత ఆగడం లేదు. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టిన వేడుకకు ఆ ఏడు డెబ్బై ఏళ్లు. అందుకని మహాగణపతిని డెబ్బై అడుగుల ఎత్తున నిలబెట్టారు. పండగ ఇంకా రాకముందే జనం వచ్చేశారు. వీధుల్లో బండ్లు కదలడం లేదు.

నా ఫోను మోగింది. పూజా సామగ్రి అమ్మే అక్క.

"తమ్మీ, మళ్ల పోయింది. జనం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు. ఏం చెప్పాలె?"

మట్టి వినాయకుడు, పత్రి, పాలవెల్లి, వ్రతకల్పం అన్నీ ఒక పెట్టెలో పెట్టి అమ్ముతుందామె. వెబ్‌సైటు కట్టింది నేను. ఏడాది మొత్తం మీద ఆ సైటుకు గిరాకీ ఉండేది ఈ రెండు రోజులే. ఇప్పుడు ఆర్డరు బటన్ నొక్కితే తెల్లటి తెర మీద మూడంకెలు కనిపిస్తున్నాయి: 500. అంటే సర్వర్ లోపల ఏదో తేడా వచ్చిందని. ఏమిటా తేడా అన్నది చూసేవాడికి చెప్పదు. ఒంట్లో బాగోలేదని చెప్పి ఎక్కడ నొప్పో చెప్పని రోగి లాంటిది ఆ అంకె.

అప్పటికి నేను చేసిందల్లా ఒకటే, రీస్టార్ట్. మొదటిసారి చేస్తే పది నిమిషాలు నడిచింది. రెండోసారి ఆరు నిమిషాలు. గిరాకీ ఎక్కువై సర్వర్ తట్టుకోలేకపోతోందని ఒకసారి, ఎవరో హ్యాక్ చేశారని ఒకసారి అనుకున్నాను. రెండూ ఊహలే.

చెమటలు పట్టి తలుపు తీసేసరికి మెట్ల మీద మా ఇంటి యజమాని. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఫోను చెడితే మనమంతా 198కి ఫిర్యాదు చేసిన రోజుల్లో, అవతలి వైపు కూర్చుని ఆ ఫిర్యాదులు రాసుకున్న మనిషి. చేతిలో చాయ్ గ్లాసు.

"గంట నుంచి అటూ ఇటూ తిరుగుతున్నవు. ఏమైంది?"

చెప్పాను.

"అది ఏం రాసుకున్నదో చూసినవా?"

"ఏది అంకుల్?"

"మిషను. మా ఎక్స్ఛేంజీల ఫాల్ట్ రిజిస్టరు ఉండేది. రిజిస్టరు చూడకుండ లైన్‌మన్ కదలకపోతుండె. మీకు గట్లాంటిది ఉండదా?"

ఉంటుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, దాన్ని నేను మూడు నెలలుగా తెరవలేదు.

సర్వర్ నిజానికి రెండు పుస్తకాలు రాస్తుంది. ఒకటి యాక్సెస్ లాగ్. ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఏ పేజీ అడిగారు, ఏ అంకెతో బదులిచ్చాం అన్నది అందులో ఉంటుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గరి విజిటర్స్ పుస్తకం అనుకోండి. రెండోది ఎర్రర్ లాగ్. ఏ ఫైలులో, ఎన్నో లైను దగ్గర, ఏది అడ్డుపడిందో అక్కడ ఉంటుంది. సొంత సర్వరైతే ఇవి మామూలుగా లాగ్ అనే ఫోల్డరులో ఉంటాయి. అద్దె హోస్టింగ్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో ఎర్రర్స్ అన్న మెనూ కింద దొరుకుతాయి.

ముందు యాక్సెస్ లాగ్ తెరిచి 500 అని వెతికాను. వందల లైన్లు బిలబిలా వచ్చిపడ్డాయి. గుండె ఆగినంత పనైంది. తీరా చదివితే దాదాపు అన్నీ మంచి లైన్లే. డెలివరీ ఉందో లేదో చూసుకోవడానికి జనం కొట్టిన పిన్‌కోడ్లు అవి. ఖైరతాబాద్ పిన్ 500004. నేను వెతికిన 500 ప్రతి ఇంటి చిరునామాలోనూ ఉంది!

సరే, టైము పట్టుకుని వెతుకుదామనుకున్నాను. సైటు ఆఖరుసారి పడిపోయింది 10 గంటల 8 నిమిషాలకు. లాగులో 22:08 కోసం చూశాను. ఒక్క లైనూ లేదు. అసలు రాత్రి అన్నదే లేదు, సాయంత్రం నాలుగున్నర దాటిన కాసేపటికే పుస్తకం ఖాళీ.

"గడియారం తప్పున్నదేమో చూడు," అన్నారాయన, చాయ్ ఊదుకుంటూ.

తప్పు కాదు, వేరే గడియారం. మా సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలో రాస్తుంది. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. రాత్రి 10:08లోంచి ఐదున్నర తీసేస్తే 16:38. లాగులో ఆఖరి లైను సరిగ్గా అక్కడే ఉంది.

ఎర్రర్ లాగ్ తెరిచాను. దాని ఆఖరి లైను కూడా 16:38. పొడవాటి లైను. చివర్లో ఉన్న అంకె చూసి ఎగిరి గంతేశాను.

"దొరికింది అంకుల్! 500 అని రాసుంది."

"దానికి ముందు ఏమున్నది? మొత్తం చదువు."

చదివాను. "పిన్‌కోడ్ అన్న గడి కనబడలేదు" అన్న అర్థంలో ఒక వార్నింగ్. దాని వెనకే మేము డెలివరీ చేసే పిన్‌కోడ్ల పట్టిక. 500001, 500002, 500003, 500. అంతే.

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"ఒకటి ఆబిడ్స్, రెండు చార్మినార్, మూడు సికింద్రాబాద్. తర్వాత నాలుగు రావాలె గద, మన ఖైరతాబాదు. అది నీ ఐదు వందలు కాదు బాబూ. రాస్త రాస్త మాట మధ్యల ఆగిపోయింది."

నేను తెర వైపే చూస్తున్నాను.

"ఎందుకాగుతది? రాసేటోడన్న సావాలె, లేకుంటే పుస్తకమన్న నిండాలె."

చేయి దానంతటదే కీబోర్డు మీదికి వెళ్లింది. డిస్కులో ఎంత చోటు మిగిలిందో చెప్పే ఆజ్ఞ రెండక్షరాలే, డీ ఎఫ్. ఎంటర్ కొట్టాను.

100 శాతం. ఆవగింజంత చోటు లేదు.

పది జీబీల డిస్కు అది. తినేసింది ఎవరా అని ఫోల్డర్లన్నీ తూకం వేస్తే దొంగ దొరికాడు. ఆరు జీబీలకు పైగా మింగి కూర్చున్నది ఆ ఎర్రర్ లాగే. ఏ పుస్తకం చూస్తే రోగం తెలిసేదో, చూడనందుకు ఆ పుస్తకమే రోగమైంది.

ఇక మిగతా ముడులు వాటంతటవే విడిపోయాయి. ఆర్డరు పెట్టేవాళ్ల బుట్టలో ఏముందో సర్వర్ ఒక చిన్న ఫైలుగా రాసుకోవాలి. రాయడానికి చోటు లేదు, అందుకే 500. రీస్టార్ట్ చేస్తే తాత్కాలిక ఫైళ్లు చెరిగి కాస్త జాగా వస్తుంది. కొద్ది నిమిషాల్లో లాగ్ అదీ తినేస్తుంది.

"ఆఖరుది కాదు, మొట్టమొదటి కంప్లెయింటు ఎన్నడొచ్చిందో చూడు," అన్నారాయన. "కేబుల్ తెగినంక వందమంది ఫోన్ చేస్తరు. మొదటోడు చెప్పిన టైమే పనికొస్తది."

ఫైలు మొదటికి వెళ్లాను. జూన్ రెండో వారం. "షాపుకొచ్చి తీసుకెళ్తాం" అన్న బటన్ నేను కొత్తగా పెట్టిన రోజు. షాపుకొచ్చేవాళ్లకు పిన్‌కోడ్ అక్కర్లేదు. కానీ డెలివరీ ఖర్చు లెక్కేసే కోడు దాన్ని వెతుకుతూనే ఉంది. దొరకనప్పుడల్లా, బుట్టలోని ఒక్కో వస్తువుకూ ఒక్కో వార్నింగ్. పరీక్ష కోసమని పట్టిక మొత్తం అచ్చేయమన్నదీ, తర్వాత ఆ మాట తీసేయడం మరిచిందీ నేనే. పాత లాగులను కుదించి పక్కన పెట్టే లాగ్‌రొటేట్ అనే ఏర్పాటు సర్వర్‌లో ఉంది. ఈ ఫైలును వేరే ఫోల్డరుకు మార్చి దాని కళ్లలో పడకుండా చేసిందీ నేనే. ఆ సాయంత్రం దర్శనాల రద్దీకి డెలివరీ బండి రాదని తెలిసి అందరూ "షాపుకొచ్చి తీసుకెళ్తాం" నొక్కారు. మూడు నెలల చుక్కలు ఒక్క పూటలో వరదయ్యాయి.

కోపంతో ఆ ఫైలును డిలీట్ చేయబోయి ఆగాను. సైటును నడిపే అపాచీ సర్వర్ దాన్ని తెరిచి పట్టుకుని ఉంటుంది. అప్పుడు చెరిపేస్తే పేరు పోతుంది గానీ చోటు తిరిగి రాదు. పైగా సాక్ష్యమూ పోతుంది. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో చిక్కిన చిమ్మటను బయటికి తీసినవాళ్లు దాన్ని ఊడ్చి పారేయలేదు. లాగ్ బుక్కులో టేపుతో అతికించారు. ఆ పేజీని అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియం ఈనాటికీ దాచింది. నేనూ మొదటి లైన్లు, ఆఖరి లైన్లు నా ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని, ఫైలును ఉన్నచోటే ఖాళీ చేశాను. పిన్‌కోడ్ లేకపోతే ఖర్చు లెక్క జోలికి పోవద్దని కోడులో ఒక్క షరతు చేర్చాను.

పదకొండున్నరకు అక్క ఫోను. "వస్తున్నయి తమ్మీ, ఆర్డర్లు వస్తున్నయి!"

అంకుల్ లేచారు. గుమ్మం దగ్గర ఆగి అడిగారు. "ఎన్ని దినాల సంది చెప్తున్నది అది?"

"తొంభై రోజులు కావస్తోంది."

"తొంభై దినాలు ఫోను మోగింది. ఎత్తినోడు లేడు," అనుకుంటూ మెట్లు దిగారు.

మర్నాడు ఆయన్ను వెంటబెట్టుకుని దర్శనానికి వెళ్లాను. వరుస నత్తలా కదులుతోంది. వ్యాసుడు చెబుతుంటే గంటం ఆపకుండా భారతం రాసినవాడు ఎదురుగా డెబ్బై అడుగులు నిలబడి ఉన్నాడు. తల వెనక్కి వాల్చి చూస్తుంటే జేబులో ఫోను వణికింది. లాగులో కొత్త లైను పడితే కబురు పంపమని రాత్రే పెట్టాను. తర్వాత చూద్దాంలే అని ఊరుకోబోయాను.

అంకుల్ విగ్రహం మీంచి చూపు తిప్పకుండానే నా మోచేయి తట్టారు.

"ఎత్తు," అన్నారు.