ఒంటి కొక్కెపు అల్లిక

నాగపురమునకు పోవు పాత బాటపై మేడ్చల్, కరీంనగరము వైపు సాగు బాటపై శామీర్‌పేట. ఈ రెండూళ్ళ నడుమ నిన్నమొన్నటిదాక మెట్టచేలును, చెరువు క్రింది మడులును, గొర్రెల మందలును ఉండిన తావున నేడు మేడలు లేచినవి. ఆ మేడల వసారాలలో, ఫోను తెరపై కదలెడి చేతులను చూచుచు క్రోషే నేర్చుకొను స్త్రీలు కొందరు కనబడుచున్నారు. వారు అడుగు ప్రశ్నలు అన్నిచోట్లను నూతన విద్యార్థులు అడుగునవే: ఏ సూది కొనవలెను, ఏ దారము మంచిది, చతురస్రముగా మొదలుపెట్టినది పైకి పోయినకొలది త్రికోణమెందుకగుచున్నది, ఇది మన అమ్మమ్మలనాటి విద్యయేనా? కడపటి ప్రశ్నకు జవాబు తెలిసినవారికి తక్కిన మూడును సులభముగా బోధపడునని నా నమ్మకము.

అమ్మమ్మలనాటిదే, కాని వారి అమ్మమ్మలకు అమ్మమ్మలైనవారు దీనిని ఎరుగరు. ఈ ప్రాంతమున ఉన్నితో జరిగిన ప్రాచీనమైన పని గొంగడి. కురుమలు దక్కనీ గొర్రెల నల్లయున్నిని కత్తిరించి తేగా, స్త్రీలు దానిని ఏకి వడకగా, పడుగునకు చింతగింజల గంజి పట్టించి, పురుషులు గుంటమగ్గముపై నేయగా సిద్ధమైన ఆ ముతక కంబళి వానకు గొడుగై, చలికి దుప్పటియై, పెండ్లికి పీటయై ఒక జీవితకాలము మన్నెడిది. దాని బలమంతయు పడుగు పేకలది. క్రోషేకు పడుగు లేదు, పేక లేదు, మగ్గము లేదు. ఒక్క దారము, ఒక్క కొక్కెము, ఆ కొక్కెముపై నిలిచిన ఒక్క ఉచ్చు. ఆ ఉచ్చు జారినచో అల్లినదంతయు ఒక్క లాగున ఊడివచ్చును. నేర్చుకొనువారు దీనికి భయపడుదురు గాని, తప్పును ఇంత సులభముగా దిద్దుకొననిచ్చు చేతిపని మరియొకటి నాకు తోచుటలేదు.

యూరపునందును ఇది వృద్ధవిద్య కాదు. అచ్చులో మనకు దొరకు తొలి నమూనాలు 1823 ప్రాంతమున పెనెలోపె అను డచ్చి పత్రికలో వెలువడినవి. దీనికి గౌరవము తెచ్చినది మాత్రము ఐర్లండు కరువు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి జనము పిట్టలవలె రాలుచున్న కాలమున, కార్కు పట్టణపు సన్యాసినీ మఠమును, క్లోన్స్ పట్టణమున ఒక మతాచార్యుని భార్యయగు కసాండ్రా హాండును, పేద స్త్రీలకు క్రోషే లేసు నేర్పి, అమ్మి, గింజలు కొనిపెట్టిరి. తక్కిన లేసులు పెక్కింటికి దిండ్లును, పదులకొలది దారపు కదుళ్ళును, ఏండ్ల శిక్షణయు కావలెను. దీనికి కొక్కెముగా వంచిన తీగముక్క చాలును. ఒక్క సూదియే ఎందుకని అడుగువారికి ఇదియే జవాబు: ఆకలిగొన్న ఇంటిలో రెండవ పనిముట్టు ఉండదు.

గోదావరి డెల్టాలోను కథ ఇంచుమించు ఇట్లే నడచినది. 1832–33లో నందన కరువు తీరాంధ్రమును తుడిచిపెట్టినది. 1836లో బౌడెన్, బీర్ అను ఇరువురు మిషనరీలు వచ్చి నర్సాపురము, పాలకొల్లు పరిసరములలో స్థిరపడిరి. ఆ వెనుక స్కాట్లండు నుండి వచ్చిన మక్రే దంపతులు 1844లో లేసు అల్లిక నేర్పిరని అచ్చటివారి వాడుక. ధవళేశ్వరమున కాటను ఆనకట్ట కట్టనారంభించుటకు అది మూడేండ్ల ముందు మాట. చిత్రమేమనగా, ఆ 1844లోనే లాంకషైరులో జాన్ మెర్సర్ అనునతడు నూలును క్షారములో ముంచి గట్టిపరచు పద్ధతిని కనిపెట్టెను. తరువాతివారు దానిని బిగబట్టి ముంచి మెరుపు తెచ్చిరి. నేడు లష్కరు, అనగా సికింద్రాబాదు, జనరల్ బజారులో కొను మెర్సరైజ్డ్ నూలుదారపు ఉండ ఆ సంతతిదే. ఉండమీది అంకె పెరిగినకొలది దారము సన్నబడును: పదవ నెంబరు లావు, నలుబదవది సన్నము. సన్నదారమునకు ఉక్కు సూది. తొలిపాఠమునకు మాత్రము లావు దారము, నాలుగు మిల్లీమీటర్ల సూది, లేత రంగు. గొంగడివంటి నల్లని ఉన్నిపై అల్లిక కన్నులు కనబడక ప్రాణము విసుగును.

త్రికోణపు చిక్కునకు విరుగుడు లెక్కయే. వరుస మారినప్పుడు ఎత్తునకు తగిన గొలుసు కన్నులు వేసి, చివరి కన్నును విడువక అల్లవలెను. ప్రతి వరుసలో ఒకటి విడిచినచో అంచు లోనికి వచ్చును.

ఇక ఈ విద్య మన వైపునకు వచ్చిన త్రోవ మాట. మేడ్చల్ ప్రక్కనే బొల్లారమున హైదరాబాదు కంటింజెంటు దండు ఉండెడిది; లష్కరులో మిషను బాలికల పాఠశాలలు ఉండెను; బొల్లారము, మేడ్చల్ మీదుగానే 1900 ప్రాంతమున మన్మాడు రైలు నడచెను. రేడియో మీది ముసుగులును, టీపాయి గుడ్డలును మధ్యతరగతి ఇండ్లకు చేరినది ఇట్టి త్రోవల వెంటనే కాబోలును. కాని ఇచ్చట అది ముచ్చటగా నిలిచినది. నర్సాపురమున బ్రతుకు తెరువయ్యెను.

ఆ తెరువు ఎట్టిదో జర్మను పండితురాలు మారియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథమున సవిస్తరముగా చూపినది. ఒకతె పువ్వులల్లును, మరియొకతె అతుకుపని చేయును, ఏజెంటు పోగుచేయును, వర్తకుడు విదేశములకు పంపును. ఇంటిపని గాక దినమునకు ఆరేడు గంటలు కొక్కెము పట్టిన ఆ స్త్రీలను వర్తకులు కూలివారుగా లెక్కింపక, తీరిక వేళ కాలక్షేపము చేయు గృహిణులనిరి. కాలక్షేపమునకు కూలి ఏమి? వ్యవసాయకూలి కంటెను తక్కువే చేతికి వచ్చెడిది. తరువాత సీతారామపురమున లేసు పార్కు వెలసెను, 2024లో నర్సాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించెను. అవి మంచివే గాని, గంటకు వెల కట్టుట వేరు సంగతి. అసలైన క్రోషేను యంత్రము నేటికిని అల్లలేదు. విపణిలో అతిచౌకగా దొరకు ప్రతి క్రోషే గుడ్డ వెనుకను ఒక స్త్రీ చేయి కలదు.

కావున శామీర్‌పేట వసారాలో తొలి మేజాగుడ్డ ముగించి, పొరుగామె ‘ఎంతకిస్తవ్ అక్కా?’ అని అడిగినప్పుడు, దారపు వెల మాత్రము చెప్పవలదు. పట్టిన గంటలు కూడ లెక్కగట్టి చెప్పినచో ఆమె ఉలికిపడును, పడనిండు.