గుండు లేని తుపాకీ

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త మా గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో ఉన్నది హైడ్రోజన్ అని ఇక్కడే గుర్తుపట్టాడు. గ్రహణం లేకపోయినా వాటిని చూసే కిటుకు మర్నాడే అమల్లో పెట్టాడు. ఇంతవరకూ చదువుకున్నవాళ్లు చెబుతూనే ఉంటారు. ఎగిరే పక్షుల ఫొటోలకూ ఆయనకూ ఉన్న చుట్టరికం మాత్రం ఎవరి నోటా వినపడదు. పెళ్లి ఫొటోలతో బతికి, ఇప్పుడు పక్షులు వాలే ఉప్పలపాడు చెరువు గట్టున కెమెరా పట్టుకు తిరిగే నాబోటివాడే చెప్పాలి.

1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు జాన్సెన్ జపాన్ వెళ్లాడు. ఆ దాటడాన్ని వరసగా పట్టడానికి 72 సెకన్లలో 48 బొమ్మలు తీసే ఫొటో రివాల్వర్ చేయించుకున్నాడు. తూటాల చక్రం తిరిగినట్టు అందులో ఫొటో పలక తిరుగుతుంది. ఇలాంటి పరికరంతో పక్షి రెక్కలనూ తీయొచ్చని సూచించిందీ ఆయనే. కానీ సెకనున్నరకో బొమ్మ ఏ రెక్కకు చాలుతుంది?

1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ అమెరికాలో పరుగెత్తే గుర్రాన్ని కెమెరాలు బారుగా పెట్టి తీశాడు. గుర్రం వేసిన బాట మీదే పరుగెడుతుంది. పక్షి మన కెమెరాలు చూసుకుని ఎగరదు కదా! ఈ చిక్కు విప్పింది ఎటియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త. అంతకుముందే పక్షులకు గొట్టాలు తగిలించి, రెక్కల కదలికను తిరిగే డ్రమ్ము మీద గీతలుగా రాయించినవాడు. 1882లో నేపుల్స్ దగ్గర పొసిలిపోలో ఉండగా ఫొటో తుపాకీ తయారుచేశాడు. భుజానికి ఆనించే మడమ, గొట్టంలో లెన్సు, వెనక డబ్బాలో గడియారపు యంత్రం. మీట నొక్కితే సెకనుకు 12 బొమ్మలు, ఒక్కోదానికి సెకనులో 720వ వంతు వెలుగు. అప్పుడే వచ్చిన జెలటిన్ పొడి పలకలు లేకపోతే అంత వేగం కుదిరేది కాదు. ఎవడో పిచ్చివాడు పక్షుల మీద గురిపెడతాడు, ఒక్కటీ కొట్టడు, అయినా నవ్వుకుంటూ ఇంటికి పోతాడని ఆ ఊళ్లో చెప్పుకున్నారట.

నాకు ఇందులో వేగం కన్నా ఆ మడమ గొప్పగా కనిపిస్తుంది. వేటగాడు తుపాకీని పక్షితో పాటే తిప్పుతాడు, మీట నొక్కాక కూడా ఆపడు. మారే ఆ ఒడుపునే కెమెరాకు తెచ్చాడు. ఉప్పలపాడులో కుర్రాళ్లు "బాబాయ్, షట్టర్ ఎంత పెట్టాలి?" అని అడుగుతారు. "రెండువేలు పెట్టరా, ముందు మోచేతులు డొక్కలకు ఆనించు" అంటాను. పాదాలు పక్షి వెళ్లబోయే వైపుకి, నడుము పక్షి వస్తున్న వైపుకి. ఇలా నిలబడితే దారి పొడవునా నడుము విప్పుకుంటూ తిరగొచ్చు. దూరంగా ఉండగానే ఫైండర్లోకి తెచ్చుకుని, ఎదురుగా వచ్చేదాకా వెంట తిప్పాలి. దగ్గరకొచ్చాక వెతుక్కునేవాడికి తోకలే మిగుల్తాయి. ఇప్పటి కెమెరా కన్ను ఎక్కడుందో దానంతటదే పట్టుకుంటుంది గానీ నడుము తిప్పదు.

జర్మనీలో ఒట్టోమార్ అన్‌షుట్జ్ అనే ఫొటోగ్రాఫర్ 1884లో కొంగలను ఇంకా స్పష్టంగా తీశాడు. గ్లైడర్ కట్టుకుని గుట్టల మీంచి ఎగిరిన లిలియెంతాల్‌ను ఫొటోలు తీసినవాళ్లలో ఈయనా ఒకడు.

మారేకు తుపాకీ బొమ్మలు నచ్చలేదు. మరీ చిన్నవి, ఆకాశం మీద నల్లటి నీడలు. అందుకే కదలని పలక మీదే అన్ని భంగిమలూ పడేలా, నల్లటి తెర ముందు తెల్లటి పక్షిని ఎగరేసి తీశాడు. అలా తీసినవాటిలో ఓ గూడబాతు ఉంది. దాని రెక్కలు ఒకదానిమీదొకటి పడి, ఎత్తడం నుంచి దించడం దాకా మొత్తం ఒకే బొమ్మలో కనిపిస్తాయి. మా చెరువు మీద గూడబాతు దిగేటప్పుడు ఏ క్షణాన నొక్కాలో ఆ బొమ్మ చూస్తే తెలుస్తుంది: రెక్కలు పూర్తిగా పైకెత్తి, కిందికి కొట్టబోయే ముందు.