కోవెలకుంట్ల సబ్‌జైలు కేసు: కటకటాల వెనకున్న మనిషికి హక్కులు ఎట్టా వచ్చాయి

పోస్టు కొంచెం పొడుగే. తీరిగ్గా చదవండి, చదివినాక మీ కాలనీలో చదువు రానోళ్ళకు నోటితో చెప్పండి. నాది వాకాడు మండలం. ఇప్పుడు తిరుపతి జిల్లా అంటున్నారు గానీ మా పెద్దోళ్ళ నోట్లో ఇంకా నెల్లూరే. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. హాస్టల్లో ఉండి బి.ఏ. చదవతా ఉన్నాను.

'జై భీమ్' సినిమా మనలో చూడనోళ్ళు లేరు. అది కల్పన కాదు. 1993లో తమిళనాడు కడలూరు జిల్లాలో రాజాకన్ను అనే మనిషి పోలీసుల చేతిలో చనిపోయిన కేసు ఆధారంగా తీసింది. సినిమా చూసినోళ్ళు చాలామంది అడిగే మాట ఒకటుంది: "అది అరవదేశం కదా, మన తెలుగోళ్ళల్లో ఇట్టాంటి కేసు ఏదీ గెలవలేదా?" గెలిచింది. దేశమంతా లా కాలేజీల్లో చదివే కేసు అది, మన రాష్ట్రందే. దాని గురించి చెప్పే ముందు, ఈ విషయం మనకు ఎందుకింత దగ్గరో చెప్పాలి.

పుట్టుకే నేరమైన రోజులు

1871లో ఇంగ్లీషోళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. మొదట ఉత్తరాదిలో పెట్టారు. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. అప్పుడు మన నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ చట్టంలో మామూలు చట్టాల్లో ఉండే విషయం లేదు. మామూలుగా అయితే మనిషి తప్పు చేశాడని రుజువు చేసి శిక్ష వేస్తారు. ఇక్కడ తప్పుతో పని లేదు, ఆ కులంలో పుడితే చాలు. పేరు రిజిస్టర్లో ఎక్కిస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. మరీ అనుమానం ఉన్న గుంపుల్ని సెటిల్మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఎరుకలోళ్ళ కోసం అట్టా పుట్టిందే. మన పక్కనే కావలిలో బాప్టిస్టు మిషనరీలు ఒక సెటిల్మెంట్ నడిపారు. నెల్లూరు జిల్లాలో యానాదుల్ని కూడా ఈ చట్టం కిందికి తెచ్చారు.

దీన్ని తీసేయించడానికి కొట్లాడినోళ్ళలో మన జిల్లా మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారు ఉన్నారు. మద్రాసు ప్రభుత్వం 1947లోనే ఈ చట్టాన్ని రద్దు చేసింది. తర్వాత దేశం మొత్తం మీద విచారించడానికి కేంద్రం ఒక కమిటీ వేసింది, దానికి అధ్యక్షుడు తిరుపతి దగ్గర తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారు. చివరికి 1952 ఆగస్టు 31న దేశమంతా ఆ చట్టం పోయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త జాతుల దినంగా జరుపుతారు.

చట్టం పోయింది గానీ కన్ను పోలేదు. ఈ రోజుకీ రొయ్యల గుంట మీద మోటారు పోయినా, పొలంలో వైరు పోయినా, ముందు చూపు గిరిజన కాలనీ వైపే తిరుగుతుంది. "ఊరికే మాట్లాడి పంపిస్తాం" అని పిలిచి, రెండు రోజులు ఉంచుకునే పద్ధతి మన పెద్దోళ్ళకు బాగా తెలుసు. ఎక్కడా పేరు రాయరు, సంతకం ఉండదు. బయటికి వచ్చినాక నడుం పట్టేసిందని మూలికలు నూరి పూసుకుంటారు తప్ప ఆస్పత్రికి పోరు. అట్టా మనకు జరిగిందానికి కాగితం ఉండదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీనికే వస్తాను.

కోవెలకుంట్లలో జరిగింది

1977 ఏప్రిల్. అప్పటి కర్నూలు జిల్లా (ఇప్పుడు నంద్యాల జిల్లా) అవుకు పోలీస్ స్టేషన్ కేసులో చల్లా చిన్నప్పరెడ్డినీ, చల్లా రామకృష్ణారెడ్డినీ అరెస్టు చేశారు. రిమాండు మీద కోవెలకుంట్ల సబ్‌జైల్లో పెట్టారు. అది ఫ్యాక్షన్ గొడవలున్న ప్రాంతం. మా ప్రాణాలకు అపాయం ఉంది, కాపలా గట్టిగా పెట్టండి అని వాళ్ళు ముందే మొరపెట్టుకున్నారు.

మే 5 రాత్రి, తెల్లారితే 6. తెల్లవారుజామున కొందరు సబ్‌జైల్లోకి చొరబడి వాళ్ళున్న సెల్‌లోకి బాంబులు విసిరారు. లోపలున్నోళ్ళు ఎక్కడికి పారిపోతారు? తాళం బయట ఉంది. చిన్నప్పరెడ్డి చనిపోయాడు. రామకృష్ణారెడ్డి గాయాలతో బతికాడు. ఆ రాత్రి కాపలా సరిగ్గా లేదని తర్వాత కోర్టులో తేలింది.

ఆ కుటుంబం ప్రభుత్వం మీద 10 లక్షల నష్టపరిహారానికి దావా వేసింది. ప్రభుత్వం రెండు వాదనలు పెట్టింది.

ఒకటి, గడువు దాటిపోయింది, ఏడాదిలోపల దావా వేయాల్సింది అని. కింది కోర్టు ఈ మాట మీదే దావా కొట్టేసింది. చూడండి, తప్పు జరిగిందా లేదా అనేదాని మీద కాదు, తేదీ మీద ఓడిపోయారు.

రెండోది ఇంకా పెద్దది. జైలు నడపడం రాజ్యాధికారం పని, ఆ పనిలో నౌకర్లు చేసిన తప్పుకు రాజ్యం డబ్బు కట్టనక్కర్లేదు అని. ఈ వాదన వెనక ఒక పాత తీర్పు ఉంది. 1947లో మీరట్ పోలీసులు అమృతసర్ బంగారం వ్యాపారి దగ్గర బంగారం పట్టుకుని స్టేషన్ మాల్‌ఖానాలో పెట్టారు. హెడ్ కానిస్టేబులే దాన్ని ఎత్తుకుని పాకిస్తాన్ పారిపోయాడు. 1964లో సుప్రీంకోర్టు ఆ కస్తూరీలాల్ కేసులో, అది రాజ్యాధికారం కింద జరిగిన పని, ప్రభుత్వం బాధ్యురాలు కాదు అని చెప్పింది. మాల్‌ఖానాలో బంగారానికే పూచీ లేదంటే లాకప్‌లో మనిషికి ఎవరు పూచీ?

మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. రాజ్యాంగం 21వ ఆర్టికల్ ప్రతి మనిషికీ ప్రాణం మీద హక్కు ఇచ్చింది. ఆ హక్కు పోగొట్టినప్పుడు "మేం రాజ్యం" అని తప్పించుకోవడం కుదరదు అంది. గడువు వాదననూ తోసేసింది. 1,44,000 రూపాయలు వడ్డీతో కట్టమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ అప్పీలు కొట్టేసింది. ఖైదీ అయినా, శిక్ష పడినోడైనా, విచారణలో ఉన్నోడైనా మనిషి మనిషిగానే ఉంటాడు, ప్రాణం హక్కుతో సహా రాజ్యాంగం హక్కులు అతనికి ఉంటాయి అని తేల్చింది.

బాంబు పడిన ఏడాది 1977. కేసు తేలింది 2000లో. 23 ఏళ్ళు. ఆ కుటుంబానికి పలుకుబడి ఉంది, వకీళ్ళను పెట్టుకునే స్తోమత ఉంది కాబట్టి అన్నేళ్ళు నిలబడ్డారు. మనలో ఎవరైనా నిలబడగలరా అని మీకు అనిపించచ్చు, నాకూ అనిపించింది. అయితే తీర్పుకు ఒక గుణం ఉంది. గెలిచింది ఎవరైనా, అది అందరికీ వర్తిస్తుంది. పెద్దోళ్ళ గొడవలో పుట్టిన ఆ హక్కు ఈ రోజు వాకాడు యానాది పిల్లోడికీ, పాడేరు కొండమీద అన్నకీ, అదే కొలతతో ఉంటుంది.

ఉత్తరం రాసి గెలిచినోళ్ళు

డబ్బు లేనోళ్ళు గెలిచిన కేసులు కూడా ఉన్నాయి.

1974లో విశాఖ సెంట్రల్ జైలు ఖైదీలు, జైలు గోడ మీద కరెంటు తీగలు పెట్టడం మీద సుప్రీంకోర్టుకు పోయారు. భువన్ మోహన్ పట్నాయక్ కేసు అంటారు. శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవు అనే మాట ఆ తీర్పులో గట్టిగా చెప్పారు. అదీ మన రాష్ట్రం జైలు నుంచే.

1979లో ఢిల్లీ తీహార్ జైల్లో సునీల్ బాత్రా అనే ఖైదీ, పక్క ఖైదీని వార్డర్ డబ్బుల కోసం చిత్రహింస పెట్టాడని సుప్రీంకోర్టు జడ్జికి ఒక ఉత్తరం రాశాడు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది.

ఇంకొకటి ఒడిశా సుందర్‌గఢ్ జిల్లాది. 1987 డిసెంబర్‌లో సుమన్ బెహరా అనే 22 ఏళ్ళ పిల్లోణ్ణి పోలీసులు దొంగతనం కేసులో తీసుకుపోయారు. తెల్లారి రైలు పట్టాల మీద శవం దొరికింది. పారిపోతూ రైలు కింద పడ్డాడు అన్నారు పోలీసులు. అతని అమ్మ నీలబతి బెహరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ఒంటి మీద గాయాలు రైలువి కావు, కొట్టినవి అని కోర్టు నమ్మింది. 1993లో ఆమెకు 1,50,000 పరిహారం ఇప్పించింది. కస్టడీలో ఉన్న మనిషికి ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత పోలీసులదే అనేది ఈ తీర్పులో మనకు పనికొచ్చే మాట. అప్పుడు ఆ తల్లి వయసు, చదువు కోర్టు అడగలేదు. ఉత్తరం అందింది, విచారించింది.

మరి మనకు తక్కువయ్యిందేమిటి?

ఇన్ని తీర్పులు ఉన్నా మన కాలనీల్లో పరిస్థితి ఎందుకు మారలేదు? నాకు అర్థమైంది ఇది: మనకు చట్టం లేక కాదు, కాగితం లేక ఓడిపోతున్నాం. సుమన్ బెహరా కేసులో గాయాల మీద డాక్టరు కాగితం ఉంది. కోవెలకుంట్ల కేసులో అరెస్టు తేదీ, సెల్, ఆస్పత్రి, అన్నీ రికార్డులో ఉన్నాయి. మనోణ్ణి పేరు రాయకుండా రెండు రోజులు ఉంచుకుని వదిలేస్తే, కోర్టు దృష్టిలో ఆ రెండు రోజులు జరగనే లేదు.

అందుకే ఆ కాగితం పుట్టించే హక్కులు తెలుసుకోవాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినవీ, ఇప్పుడు 2024 జూలై 1 నుంచి నడుస్తున్న కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో ఉన్నవీ కలిపి రాస్తున్నాను.

1) అరెస్టు చేస్తే మెమో రాయాలి. తేదీ, టైము వేయాలి. ఇంటి మనిషో, ఊళ్ళో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. పట్టుకున్న మనిషి కూడా సంతకం చేయాలి.

2) ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. ఎక్కడ ఉంచారో ఇంటోళ్ళకు తెలపాలి.

3) దారిలో పట్టే టైము కాకుండా 24 గంటల్లోపల మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. "రేపు రా, ఎల్లుండి రా" అని స్టేషన్లో కూర్చోబెట్టుకోవడం చట్టంలో లేదు.

4) డాక్టరు పరీక్ష చేయించాలి. అప్పటికే ఒంటి మీద దెబ్బలుంటే రాయించుకోవచ్చు, కాపీ అడగచ్చు. కస్టడీలో ఉన్నంత కాలం 48 గంటలకోసారి పరీక్ష ఉండాలి.

5) మేజిస్ట్రేట్ ముందు నిలబడినప్పుడు నోరు తెరవాలి. "కొట్టారా" అని అడగాల్సిన బాధ్యత మేజిస్ట్రేట్‌ది అని 1983లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడగకపోయినా మనమే చెప్పాలి, దెబ్బలు చూపించాలి. మనోళ్ళు ఎక్కువగా పోగొట్టుకునే అవకాశం ఇదే. బయట పోలీసాయన నిలబడి ఉంటాడు, భయంతో తల దించుకుని "ఏం లేదు సామీ" అంటారు. ఆ రెండు మాటలతో కేసు పోతుంది.

6) పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో నేరానికి రుజువుగా చెల్లదు. కాబట్టి కొట్టి ఒప్పించడానికి చట్టంలో విలువ లేదు, పైగా ఒప్పించడానికి కొట్టడం నేరం.

7) ఆడోళ్ళను పొద్దు గూకినాక, తెల్లారకముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరి అయితే మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి, ఆడ పోలీసే రావాలి.

8) ఎస్టీలకూ, కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఇది 1987 లీగల్ సర్వీసెస్ చట్టం. ఫోన్ నంబరు 15100.

9) మానవ హక్కుల కమిషన్‌కు తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా చాలు. కానీ జరిగిన ఏడాదిలోపల రాయాలి. కోవెలకుంట్లలో కింది కోర్టు తేదీ మీదే కొట్టేసిందని మర్చిపోవద్దు.

పుస్తకంలో మిగిలిన పాత మాట

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో ఇంకో తీర్పు ఇచ్చింది. ఈమె జర్నలిస్టు. జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచుతున్నారని కేసు వేసింది. విచారణలో రాష్ట్రాల జైలు రూల్స్ బయటికి తీస్తే, చాలావాటిలో తిరుగుడు తెగలు, నేరస్తుల తెగలు అనే మాటలు ఇంకా ఉన్నాయి. మన ఆంధ్రప్రదేశ్ జైలు రూల్స్ కూడా ఆ లిస్టులో ఉన్నాయి. 1952లో చచ్చిపోయిన చట్టం జైలు పుస్తకంలో 70 ఏళ్ళు బతికే ఉందన్నమాట. కోర్టు ఆ రూల్స్ రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసి, జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది.

ఇంకా మిగిలిన పనీ ఉంది. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం చేసింది గానీ దాన్ని ఖాయం చేయలేదు, దానికోసం ప్రత్యేకమైన చట్టమూ రాలేదు. అది పెద్ద పోరాటం, ఢిల్లీ దాకా పోవాల్సింది. మన చేతిలో ఉన్నది మాత్రం ఈ రోజే మొదలుపెట్టచ్చు.

ప్రతి కాలనీలో చదువుకున్న పిల్లకాయలు ఇద్దరు ఈ తొమ్మిదీ నోటికి నేర్చుకోండి. ఎవరినైనా తీసుకుపోయారని తెలిస్తే ఫోన్లో టైము చూసి రాసి పెట్టుకోండి. ఎవరు వచ్చారు, ఏ బండిలో వచ్చారు, ఎక్కడికి తీసుకుపోయారు, అంతా రాయండి. స్టేషన్‌కు ఒక్కరే పోవద్దు, నలుగురు పోండి, మర్యాదగా అడగండి. వదిలేసి పంపినా, దెబ్బలుంటే ఆ రోజే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపోయి ఓపీ చీటీ తెచ్చుకోండి. ఒకప్పుడు మన పేర్లు వాళ్ళ రిజిస్టర్లో రాసుకుని మనల్ని కట్టేశారు. ఇప్పుడు మనకు జరిగింది మనమే రాసుకోవాలి.

మీ ప్రాంతంలో ఇట్టాంటి కేసు ఏదైనా గెలిచి ఉంటే కింద రాయండి, అందరం తెలుసుకుంటాం. జై ఆదివాసీ. జై భీమ్.