చిత్తరువులు దాచిన ముఖము

పూర్వకాలపు ఘనుల ముఖములను మనము చిత్తరువులవలననే యెఱుగుదుము. కాని ధనమిచ్చువారి రూపమును చిత్రకారుడు ఉన్నదున్నట్లు వ్రాయునా యనునది విచారింపదగిన విషయము. ఇంగ్లండుదేశమున ప్రభుకుటుంబమున జన్మించిన లేడీ మేరీ వోర్ట్లీ మాంటెగ్యూ చరిత్రము ఈ ప్రశ్నకు తగిన సమాధాన మిచ్చుచున్నదని మేము తలంచుచున్నాము.

ఈమె 1689 లో జన్మించెను. తండ్రి తరువాత కింగ్‌స్టన్ డ్యూకు అయ్యెను. స్త్రీలకు లాటినుభాష యెందుకని లోకము పరిహసించు దినములలో నీమె తండ్రిగారి గ్రంథాలయమున రహస్యముగా కూర్చుండి యాభాషను స్వయముగా నేర్చుకొనెను. తండ్రి కుదిర్చిన వరుని నొల్లక, 1712 లో ఎడ్వర్డు వోర్ట్లీ మాంటెగ్యూను ఇల్లు వెడలి వివాహమాడెను. మరుసటి సంవత్సరమున ఆమె సోదరుడు మశూచికముచేత మరణించెను. 1715 డిసెంబరులో ఆ వ్యాధియే యామెను సోకెను. ప్రాణము దక్కెను గాని ఱెప్పవెండ్రుకలు రాలిపోయెను. ముఖమున మచ్చలు నిలిచిపోయెను.

తరువాత భర్త రాయబారి కాగా నామె తురుష్కరాజ్యమునకు పోయెను. అచ్చటి వృద్ధస్త్రీలు మశూచికపు చీమును అక్రోటుచిప్పలో తెచ్చి, సూదితో ఆరోగ్యవంతుల శరీరమున నెక్కించుచుండిరి. వారికి వ్యాధి స్వల్పముగా వచ్చి పోవుచుండెను; మరల రాకుండెను. 1717 ఏప్రిలులో నామె యీ సంగతిని స్నేహితురాలికి జాబు వ్రాసెను. 1718 లో తన కుమారునికి, 1721 లో లండనున కుమార్తెకు ఆ చికిత్స చేయించెను. ఈ పద్ధతి అపాయరహితము కాదు. దానివలన మరణించినవారును గలరు. వైద్యులు కొందఱును, మతబోధకులు కొందఱును దీనిని ఖండించిరి. అయినను 1722 లో రాజకుటుంబపు బాలికలిద్దఱికి సైత మిది చేయబడెను. 1796 లో జెన్నరు గోమశూచికముతో సురక్షితమైన మార్గమును చూపువఱకు జనులకు నిదియే యాధారమయ్యెను.

ఇక చిత్తరువులు. వాన్‌మూరు అను చిత్రకారుడు తురుష్కదేశమున నామెను కుమారునితోగూడ చిత్రించెను. 1725 ప్రాంతమున వ్రాయబడిన రిచర్డ్‌సను చిత్తరువున నామె బంగారువన్నె దుస్తులతో నిలిచియున్నది. ముఖము నునుపు, మచ్చ యొక్కటియు లేదు. ఆమె వెనుక నల్లజాతి బాలసేవకు డొకడు మెడను పట్టెడ ధరించి యున్నాడు. యజమానురాలి మచ్చలను మఱుగుపఱచిన కుంచె ఆ పట్టెడను మఱుగుపఱుపలేదు. ఆనాటి ఘనులకు వ్యాధి మచ్చ సిగ్గు, బానిసత్వ మలంకారము! లేడీ మేరీ యెంత విజ్ఞురాలైనను ఈ దోషమునకు వెలిగా నుండలేదని చెప్పుట న్యాయము.

ఆమె 1762 లో మరణించెను. మరుసటి యేడు ఆమె తురుష్కదేశపు లేఖలు ప్రకటింపబడెను. కాని బహుకాలము వ్రాసిన దినచర్యను కుమార్తె 1794 లో దహించివేసెను. 1721 లో తల్లి ధైర్యమువలన మశూచికమునుండి రక్షణము పొందినది ఈ కుమార్తెయే! కుటుంబగౌరవ మను పేర తల్లి మాటలు బూడిద యయ్యెను.

చిత్రకారుడు ముఖమును దాచెను; బిడ్డ వాక్యములను దాచెను. ఉభయులును గౌరవము చేయుచున్నామనియే తలంచిరి. స్త్రీని సౌందర్యముచేతను వంశమర్యాదచేతను కొలుచు సంఘమున నిట్లే జరుగును. 1980 లో లోకమున మశూచికము నిర్మూలమైనదని ప్రకటింపబడెను. ఆ మహాకార్యమునకు దారితీసినవారిలో మచ్చల మొగముగల యీ తల్లియు, పేరులు మిగులని ఆ తురుష్కదేశపు వృద్ధస్త్రీలును గలరని పాఠకులు మఱవకుందురుగాక.